ఆటల ఫోటోలకు లెన్స్ స్టెబిలైజేషన్ ఎలా వాడాలి: ఆన్‌లో ఉంచాలా, ఆపాలా?

సంక్రాంతికి మా ఊళ్లో రాత్రిపూట కబడ్డీ పోటీలు పెడతారు. కొత్తగా 70-300 ఎంఎం జూమ్ లెన్స్ కొన్న ఏడాది, కోర్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాదాపు మూడు వందల ఫోటోలు తీశాను. లెన్స్ అమ్మినాయన "ఇందులో స్టెబిలైజేషన్ ఉంది సార్, షట్టర్ తగ్గినా షేక్ రాదు" అన్నాడు. నేను నమ్మి షట్టర్ స్పీడ్‌ని, అంటే షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని, 1/80 సెకను దగ్గర పెట్టేశాను. వ్యూఫైండర్‌లో చూస్తే బొమ్మ గోడకు మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో తెరిచాక సంగతి తెలిసింది. వెనక ట్యూబ్‌లైట్ కట్టిన కర్ర స్పష్టంగా ఉంది. స్కోరు రాసే టేబుల్ మీద నీళ్ల సీసా లేబుల్ కూడా చదవొచ్చు. కూతకు వెళ్లిన కుర్రాడు మాత్రం పొగలా ఉన్నాడు.

లెన్స్ అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. కర్ర షేక్ కాలేదు, టేబుల్ షేక్ కాలేదు. లెన్స్ నా చేతి వణుకును ఆపింది. కుర్రాడి పరుగు ఆపడం దాని పని కాదు. ఈ తేడా బుర్రకెక్కితే మిగతాదంతా ఏ స్విచ్ ఎప్పుడు తిప్పాలన్నదే. కింద చెప్పిన వరుసలో చేసుకుంటూ వెళ్లండి.

ముందు ఈ లెక్క చూడండి

స్టెబిలైజేషన్ ఉన్న లెన్స్ లోపల చిన్న గైరో సెన్సార్లు ఉంటాయి. లెన్స్ ముక్కు పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ ఊగితే అవి కనిపెడతాయి. ఆ లెక్కను బట్టి లోపలున్న గాజు ముక్కల గుంపు ఒకటి ఎదురు దిక్కుకు జరుగుతుంది. మీరు బటన్ సగం నొక్కినప్పుడు చెవికి సన్నగా వినిపించే "స్..." అన్న చప్పుడు దానిదే. ఎదురుగా ఉన్న ఆటగాడు ఎటు పోతున్నాడో ఆ సెన్సార్లకు తెలియదు. వాటికి తెలిసింది కెమెరా కదలిక ఒక్కటే.

డబ్బా మీద "4 స్టాప్‌లు" అని రాసి ఉంటుంది. అంటే ఏమిటి? ఒక్కో స్టాప్ దిగితే షట్టర్ రెండింతల సేపు తెరిచి ఉంటుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు 400 ఎంఎం లెన్స్‌కి 1/400 కావాలన్నది పాత లెక్క. నాలుగు స్టాప్‌లు దిగితే 1/200, 1/100, 1/50, చివరికి 1/25. కదలకుండా కూర్చున్న కొంగను 1/25 దగ్గర తీయొచ్చు, నిజమే. ఇప్పుడు కొంగ బదులు జ్యోతి యర్రాజీని ఊహించుకోండి. ఈ విశాఖపట్నం అమ్మాయి 2023లో చైనాలోని చెంగ్డూలో 100 మీటర్ల హర్డిల్స్‌ని 12.78 సెకన్లలో పూర్తి చేసింది. సగటున సెకనుకు 7.8 మీటర్లు. షట్టర్ 1/25 సెకను తెరిచి ఉంటే ఆ లోపల ఆమె 31 సెంటీమీటర్లు, అంటే జానెడుకు మించి, ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. 1/250 దగ్గర 3 సెంటీమీటర్లు, రెండు వేళ్ల మందం. 1/1000 దగ్గర 8 మిల్లీమీటర్లు. ఇదంతా ఒంటి వేగం. హర్డిల్ దాటే కాలు దీనికన్నా చాలా వేగంగా కదులుతుంది.

క్రికెట్ బంతి సంగతి ఇంకా ఘోరం. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి 1/1000 సెకనులో దాదాపు 4 సెంటీమీటర్లు పోతుంది. బంతి అడ్డుకొలతే 7 సెంటీమీటర్ల పైచిలుకు. అంటే 1/1000 పెట్టినా బంతి కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. స్టెబిలైజేషన్ ఎన్ని స్టాప్‌లదైనా ఇందులో దాని సాయం సున్నా.

షట్టర్ ముందు, స్విచ్ తరువాత

అందుకే గ్రౌండ్‌లోకి దిగగానే లెన్స్ మీది స్విచ్ జోలికి పోకండి. ఆటను బట్టి షట్టర్ స్పీడ్ నిర్ణయించుకోండి. కెమెరాను షట్టర్ ప్రయారిటీలోనో (షట్టర్ స్పీడ్ మీరు ఎంచుకునే మోడ్), మాన్యువల్‌లోనో పెట్టి ఐఎస్‌ఓని (సెన్సార్ వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటోకి వదిలేయండి. నేను మొదలుపెట్టే అంకెలు ఇవి: పరుగు పందేలకు 1/1000, ఫుట్‌బాల్‌కి కూడా అంతే, క్రికెట్ బౌలర్‌కి 1/1600, బ్యాటు బంతికి తగిలే క్షణానికి 1/2500 పైన, కబడ్డీకి 1/800. బ్యాడ్మింటన్‌లో స్మాష్ కొట్టేటప్పుడు 1/1600 అయినా రాకెట్ కొస అలుక్కుపోతుంది. నాకది బాగానే ఉంటుంది, వేగం కనిపిస్తుంది.

వెలుతురు లేక ఈ అంకెలు అందకపోతే షట్టర్ తగ్గించేముందు మీరు నిలబడిన చోటు మార్చి చూడండి. ఆటగాడు మీకు అడ్డంగా పరిగెడితే ఫోటోలో అతని కదలిక పూర్తిగా పడుతుంది. మీ వైపే పరిగెత్తుకొస్తుంటే అదే వేగం ఫోటోలో చాలా తక్కువగా కనిపిస్తుంది. పరుగు పందెంలో ఫినిష్ గీతకు అవతల, ట్రాక్‌కి ఎదురుగా కూర్చుంటే 1/500 దగ్గర కూడా ముఖం స్పష్టంగా వస్తుంది. చేతులూ కాళ్లూ కొంచెం అలుక్కున్నా ఇబ్బంది లేదు.

కబడ్డీలో ఇంకో కిటుకుంది. కూత 30 సెకన్లు. ఆ 30 సెకన్లూ రైడర్ పరిగెత్తుతూనే ఉండడు. అటూ ఇటూ కదులుతాడు, కాలు చాపుతాడు, వెనక్కి తిరిగే ముందు ఒక లిప్తపాటు ఒళ్లు ఆగుతుంది. ఆ ఆగిన క్షణం పట్టుకుంటే 1/400 కూడా సరిపోతుంది. నలుగురూ కలిసి మీదపడి పట్టేసే క్షణానికి మాత్రం 1/800 కావాల్సిందే.

మీ లెన్స్ మీద ఏం రాసి ఉందో చూడండి

పేర్లు వేరు, పని ఒకటే. కానన్ దీన్ని ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్, సోనీ ఓఎస్‌ఎస్, సిగ్మా ఓఎస్, టామ్రాన్ వీసీ. పేరు సంగతి వదిలేసి, ఆన్, ఆఫ్ స్విచ్ పక్కన ఇంకో స్విచ్ ఉందేమో చూడండి. ఆటలకు పనికొచ్చేది అదే.

కానన్, సోనీ పెద్ద లెన్స్‌ల మీద 1, 2, 3 అని ఉంటాయి. 1 అంటే అన్ని దిక్కుల వణుకునూ ఆపుతుంది. కదలని వాటికి, నెమ్మదిగా కదిలే వాటికి. 2 అంటే ప్యానింగ్ కోసం, అంటే కదిలేదాని వెంటే కెమెరాను తిప్పుతూ తీయడానికి. మీరు కెమెరాను ఎటు తిప్పుతున్నారో ఆ దిక్కును వదిలేసి, రెండో దిక్కు వణుకునే ఆపుతుంది. 3 అంటే ఎటు పోతాడో తెలియని ఆటగాడి కోసం. కానన్ లెన్స్‌ల్లో ఈ 3 పెడితే వ్యూఫైండర్‌లో బొమ్మ మామూలుగానే ఊగుతుంటుంది, షట్టర్ తెరుచుకున్న క్షణంలోనే స్టెబిలైజేషన్ పనిచేస్తుంది. కానన్ 100-400 రెండో వెర్షన్‌లో, సోనీ 200-600లో ఈ మూడూ ఉన్నాయి. టామ్రాన్ 150-600 జీ2లో కూడా మూడున్నాయి. సిగ్మా 150-600లో 1, 2 మాత్రమే.

నికాన్‌ది వేరే దారి. కొన్ని లెన్స్‌ల మీద నార్మల్, యాక్టివ్ అని, కొన్నింటి మీద నార్మల్, స్పోర్ట్ అని ఉంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "యాక్టివ్" అన్న మాట చూసి ఇది ఆటలకేమో అనుకుంటారు. కాదు. అది మీరు కదిలే బండిలోనో, పడవలోనో కూర్చుని తీసేటప్పటికి. గట్టు మీద నిలబడి ఆట తీసేవాళ్లకు నార్మల్, ఉంటే స్పోర్ట్. నార్మల్‌లో పెడితే ప్యానింగ్‌ను లెన్సే కనిపెట్టి సర్దుకుంటుంది. 200-500 లాంటి లెన్స్‌ల మీద ఉన్న స్పోర్ట్‌లో బొమ్మ వ్యూఫైండర్‌లో అతుక్కుపోయినట్టు ఉండదు, మీ చేతి వెంట తేలిగ్గా కదులుతుంది.

కెమెరాతో పాటు వచ్చే చౌక లెన్స్‌ల మీద ఒక్క ఆన్, ఆఫ్ స్విచ్చే ఉంటుంది. కొన్నింటికి అదీ లేదు, కెమెరా మెనూలో వెతకాలి. కెమెరా బాడీలో కూడా స్టెబిలైజేషన్ ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. చాలా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో లెన్స్ మీది స్విచ్ ఆపితే బాడీలోది కూడా దాంతోపాటే ఆగుతుంది. ఆపి, బటన్ సగం నొక్కి, తెరమీద స్టెబిలైజేషన్‌ను చూపే చేతి గుర్తు పోయిందో లేదో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో బాగా పాత లెన్స్ కొనేవాళ్లకు ఒక మాట. స్టెబిలైజేషన్‌తో వచ్చిన మొదటి ఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉన్న కెమెరా) లెన్స్ కానన్ 75-300, 1995లో. నికాన్ నుంచి మొదటిది 80-400, 2000లో. ఆ తొలి తరం లెన్స్‌లు కొత్తవాటిలా తెలివైనవి కావు. ట్రైపాడ్ మీద పెట్టినా తెలుసుకోలేవు. వాటితో ఆట తీస్తుంటే, షట్టర్ 1/1000 దాటగానే ఆపేయడం మంచిది.

1/1000 దాటాక ఆన్‌లో ఉంచాలా?

దీని మీద ఫోటోగ్రాఫర్లు టీ కొట్టు దగ్గర గంటలు గంటలు వాదించుకుంటారు. 1/2000 దగ్గర చేతి వణుకు ఎలాగూ పడదు కదా, ఇంక స్టెబిలైజేషన్ ఎందుకు అన్నది ఒక వాదన. ఉంటే పోయేదేముంది అన్నది రెండోది. నా లెక్క ఇది.

లెన్స్ ఎంత పొడుగైతే ఆన్‌లో ఉంచడానికి అంత కారణం ఉంది. ఫోటో కోసం కాదు, మీ కంటి కోసం. 500, 600 ఎంఎం దగ్గర చేత్తో పట్టుకుంటే వ్యూఫైండర్‌లో బ్యాట్స్‌మన్ ఎగిరెగిరి పడుతుంటాడు. ఫోకస్ చుక్కను హెల్మెట్ మీద నిలపడం కష్టం. బొమ్మ నిలబడితే మీ గురి నిలబడుతుంది, కెమెరా ఆటోఫోకస్‌కి కూడా పని తేలికవుతుంది. అక్కడ ఆన్‌లో ఉంచండి, 3 గానీ స్పోర్ట్ గానీ ఉంటే అందులో.

70-200 లాంటి లెన్స్‌తో పట్టపగలు ఫుట్‌బాల్ తీస్తుంటే నేను ఆపేస్తాను. ఆటగాడు కుడికి ఉరికి ఒక్కసారిగా ఎడమకు తిరుగుతాడు. మీరూ కెమెరాను గిర్రున తిప్పుతారు. మోడ్ 1లో ఉన్న లెన్స్ మీ తిప్పుడును కూడా వణుకు అనుకుని వెనక్కి లాగుతుంది, తరువాత చేతులెత్తేసి ఒక్కసారి వదిలేస్తుంది. అప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ గెంతుతుంది. ఆ గెంతులో ఆటగాడి తల ఫ్రేమ్ బయటికి పోతుంది. ఇది ఒకసారి చూస్తే మీకే తెలుస్తుంది, ఎద్దును ముక్కుతాడు పట్టి లాగుతున్నట్టు ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. స్టెబిలైజేషన్ బటన్ నొక్కిన మరుక్షణమే కుదురుకోదు. సగం నొక్కాక అర సెకను నుంచి ఒక సెకను ఇవ్వాలి. ఆటలో ఆ సెకను ఎక్కడిది? అందుకే ఆన్‌లో ఉంచి తీసేవాళ్లు అలవాటు మార్చుకోవాలి. బౌలర్ పరుగు మొదలుపెట్టగానే సగం నొక్కి పట్టుకోండి, బంతి వేసేదాకా వదలకండి. రైడర్ గీత దాటకముందే నొక్కి ఉంచండి. చటుక్కున కెమెరా ఎత్తి టకటకా నొక్కితే మొదటి రెండు మూడు ఫోటోలు స్టెబిలైజేషన్ లేకుండా తీసిన వాటికన్నా అధ్వానంగా ఉండొచ్చు.

వెనకవైపు ఏఎఫ్-ఆన్ బటన్‌తో ఫోకస్ చేసే నికాన్ వాళ్లు మరీ జాగ్రత్త. ఆ బటన్ నొక్కితే ఫోకస్ అవుతుంది కానీ వీఆర్ మొదలవదు. అది షట్టర్ బటన్ సగం నొక్కితేనే మేలుకుంటుంది. బొటనవేలు వెనక, చూపుడువేలు ముందు, రెండూ పనిలో ఉండాలి. నేను ఇది తెలియక ఏడాది పాటు నా లెన్స్‌లో వీఆర్ పాడైందనుకున్నాను.

ఎవరి మాటా వినకుండా మీరే తేల్చుకోవాలంటే ఒక సాయంత్రం చాలు. వీధి చివర నిలబడండి. పక్కింటి పిల్లాణ్ని సైకిల్ మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరగమనండి. 1/1000 దగ్గర ఆన్‌లో ఒక 30, ఆఫ్‌లో ఒక 30. ఇంటికొచ్చి నూరు శాతానికి జూమ్ చేసి కళ్లు, సైకిల్ హ్యాండిల్ చూడండి. మీ లెన్స్‌కి, మీ చేతికి ఏది నప్పుతుందో ఆ అరవై ఫోటోలు చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. పిల్లాడికి చాక్లెట్ ఇవ్వడం మరవకండి.

రాత్రి ఆటలు, ఫ్లడ్‌లైట్లు

ఊళ్లో పోటీలన్నీ దాదాపు రాత్రే. స్టేడియం లైట్లు వేరు, వెదురు బొంగులకు కట్టిన లైట్లు వేరు. నా అనుభవంలో ఊరి కోర్టు దగ్గర ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ 6400 పెడితే 1/500 వస్తుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు వదులుతుంది). అదే వెలుతురులో ఎఫ్ 5.6 లెన్స్ పెడితే 1/125కి దిగిపోతుంది. ఇక్కడే స్టెబిలైజేషన్ మనల్ని ఊరిస్తుంది, "1/125 అయితే నేను చూసుకుంటాలే" అన్నట్టు. చూసుకుంటుంది, ట్యూబ్‌లైట్ కర్రను.

దీనికి మందు స్టెబిలైజేషన్ లేని లెన్స్. నవ్వకండి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు, అంతే. పక్కనే కూర్చోనిస్తే 50 ఎంఎం, 85 ఎంఎం లెన్స్‌లు సరిపోతాయి. ఎఫ్ 1.8 లెన్స్ ఎఫ్ 5.6 దానికన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వదులుతుంది. 1/125 కాస్తా 1/1000 దాటుతుంది. 70-300 కన్నా 50 ఎంఎం ఎఫ్ 1.8 ధర కూడా తక్కువే. మా ఊరి కబడ్డీకి ఇప్పుడు నేను పట్టుకెళ్లేది అదే. ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్ లోతు తక్కువ కాబట్టి కొన్ని పోతాయి, ఎఫ్ 2.2 పెడితే కొంచెం మేలు.

రాత్రి ఫోటోల్లో ఒకటి తెల్లగా, పక్కది గోధుమరంగులో, ఇంకోటి చీకటిగా వస్తే లెన్స్‌ని అనుమానించకండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. చాలా లైట్లు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు, 1/1000 షట్టర్‌కి తెలుస్తుంది. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే బరస్ట్‌లో, అంటే వరుసగా టకటకా, తీసి మంచివి ఏరుకోవడమే.

ప్యానింగ్: ఇక్కడ మాత్రం ఆన్

ఇంతవరకూ స్టెబిలైజేషన్ వల్ల ఆటల్లో పెద్ద లాభం లేదన్నట్టే మాట్లాడాను. ప్యానింగ్ దగ్గర మాట మారుస్తాను. సైకిల్ పందెం, ఎడ్ల బండ్ల పరుగు పందెం, కాలువలో పడవ పందెం: వీటిని 1/1000 దగ్గర తీస్తే అన్నీ నిలబెట్టిన బొమ్మల్లా వస్తాయి. చక్రం ఆకులు కూడా లెక్కపెట్టొచ్చు, బండి ఆగి ఉందేమో అనిపిస్తుంది. షట్టర్ తగ్గించి, బండితో పాటే కెమెరాను తిప్పుతూ తీస్తే బండి స్పష్టంగా, వెనకున్న జనం గీతల్లా వస్తారు. షట్టర్ తక్కువ కాబట్టి చేతి వణుకు కూడా పడుతుంది. ఆ వణుకును ఆపేది మోడ్ 2.

స్విచ్ 2 మీద పెట్టండి. నికాన్ అయితే నార్మల్. ఒక్క ఆన్, ఆఫ్ స్విచ్ ఉన్న కొత్త లెన్స్‌ల్లో చాలావరకు ప్యానింగ్‌ను వాటంతట అవే కనిపెడతాయి, ఆన్‌లో ఉంచి చూడండి. బొమ్మ గెంతుతుంటే ఆపేయండి.

షట్టర్ స్పీడ్ మొదట్లోనే మరీ దించకండి. సైకిళ్లకు 1/125తో మొదలుపెట్టి, పది పన్నెండు ఫోటోలు కుదిరాక 1/60కి రండి. మోటార్ సైకిళ్లకు 1/125 చాలు. పరిగెత్తే మనుషులకు, ఎడ్లకు 1/60, చెయ్యి అలవాటైతే 1/30. ఎడ్ల విషయంలో కాళ్లు ఎలాగూ అలుక్కుంటాయి, మూపురం, కళ్లు, తోలేవాడి ముఖం నిలిస్తే చాలు.

మధ్యాహ్నం ఎండలో ఇది కుదరదు. ఎర్రటి ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 పెట్టినా షట్టర్ 1/100 దగ్గరే ఆగుతుంది. 1/30 కావాలంటే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి గాజు) బిగించాలి. లేదా సాయంత్రం నాలుగున్నర దాకా ఆగాలి. నేను ఆగుతాను. వెలుతురు కూడా అప్పుడే బావుంటుంది.

ఇక నిలబడే తీరు. బండి మీ ఎదురుగా వచ్చే చోటు ముందే చూసుకోండి. పాదాలు ఆ చోటు వైపు తిప్పి పెట్టుకోండి. ఇప్పుడు పాదాలు కదపకుండా నడుము పైభాగాన్ని మాత్రం బండి వచ్చే వైపు తిప్పండి. మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. ఎడమ చెయ్యి లెన్స్ కింద. బండి దూరంగా ఉండగానే సగం నొక్కి వెంబడించడం మొదలుపెట్టండి. ఎదురుగా వచ్చేసరికి మీ నడుము సూటిగా ఉండాలి, అక్కడ నాలుగైదు ఫోటోల బరస్ట్. నొక్కడం అయిపోగానే ఆగిపోకండి, బండి వెళ్లిపోయేదాకా తిరుగుతూనే ఉండండి. ఆగిపోవాలని మనసు ముందే అనుకుంటుంది, దాంతో చివరి ఫోటోలోనే చెయ్యి నెమ్మదిస్తుంది. క్రికెట్ ఆడినవాళ్లకు ఇది కొత్తేం కాదు, షాట్ కొట్టాక బ్యాటు పూర్తిగా తిప్పినట్టే.

కెమెరా నిలువుగా పట్టుకున్నా మోడ్ 2 పనిచేస్తుంది, దిక్కును అది తెలుసుకుంటుంది. ఏటవాలుగా పోయే వాటితో మాత్రం తికమకపడుతుంది. ఘాట్ రోడ్డులో దిగే సైకిళ్లు, స్కేటింగ్ ర్యాంపు లాంటివి. కెమెరా రెండు దిక్కుల్లోనూ ఒకేసారి కదులుతుంటే ఏది వణుకో ఏది తిప్పుడో దానికి అర్థం కాదు. అక్కడ ఆఫ్.

నాకు ఇరవై ప్యానింగ్ ఫోటోలు తీస్తే రెండు దక్కుతాయి. మొదటి రోజు ఒక్కటీ దక్కకపోవచ్చు. టెన్షన్ పడకండి, మెమరీ కార్డు ఖాళీ చేసి మళ్లీ తీయండి.

మోనోపాడ్, ట్రైపాడ్

పెద్ద లెన్స్‌తో మూడు గంటల మ్యాచ్ తీయాలంటే మోనోపాడ్ ఉండాలి. ఒంటికాలి మీద పైకీ కిందికీ ఊపు తగ్గుతుంది, పక్కలకు ఊపు ఉంటుంది. కాబట్టి స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంచొచ్చు, 2లో గానీ స్పోర్ట్‌లో గానీ. ట్రైపాడ్‌కి గట్టిగా బిగించి కదలకుండా తీస్తుంటే ఆపండి. కదలిక లేనప్పుడు కొన్ని లెన్స్‌లు లేని వణుకును వెతుక్కుంటూ తామే కదిలిపోతాయి. కొత్త లెన్స్‌లు ట్రైపాడ్‌ను గుర్తుపడతాయి, అయినా ఆపితే పోయేదేం లేదు, బ్యాటరీ మిగులుతుంది.

ఇంటికొచ్చాక

పోయిన ఫోటోలను వెంటనే డిలీట్ చేయకండి. ఏది ఎందుకు పోయిందో చూస్తే వచ్చే మ్యాచ్‌కి ఏం మార్చాలో తెలుస్తుంది. వెనక గోడ, గీతలు స్పష్టంగా ఉండి ఆటగాడు అలుక్కుంటే షట్టర్ చాలలేదు, స్విచ్‌తో పనిలేదు. గోడా ఆటగాడూ రెండూ ఒకే దిక్కుకు సాగినట్టుంటే అది మీ చెయ్యి, లేదా స్టెబిలైజేషన్ కుదురుకోకముందే నొక్కారు. ఆటగాడు మసగ్గా ఉండి అతని ముందున్న గడ్డి స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. ప్యానింగ్‌లో చక్రం అంచులు రెండేసి గీతలుగా కనిపిస్తే నా మొదటి అనుమానం స్విచ్ 1లో ఉండిపోయిందేమోననే.

లెన్స్ విప్పేముందు బటన్ మీద వేలు తీసి, ఒకటి రెండు సెకన్లు ఆగి, కెమెరా ఆఫ్ చేసి, అప్పుడు విప్పండి. లోపలి గాజు ముక్కలు మధ్యకొచ్చి లాక్ అయ్యాకే విప్పాలి. హడావుడిగా విప్పితే లాక్ పడక లెన్స్ ఊపినప్పుడు లోపల గలగలమంటుంది. మొదటిసారి ఆ చప్పుడు విని నేను లెన్స్ పగిలిందనుకున్నాను. మళ్లీ కెమెరాకి తగిలించి ఆన్ చేసి, ఆఫ్ చేస్తే సర్దుకుంది.

చివరగా, ఆ స్విచ్‌లు బ్యాగ్‌లో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు వాటంతట అవే జరిగిపోతుంటాయి. ఒక స్కూల్ స్పోర్ట్స్ డే అంతా ఆఫ్‌లో పెట్టాననుకుని, మోడ్ 1లో తీశాను. రిలే పరుగులో బ్యాటన్ చేతులు మారే క్షణాలన్నీ సగం ఫ్రేమ్ బయటే ఉన్నాయి. అప్పటి నుంచి మోడ్ ఎంచుకున్నాక స్విచ్ మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తున్నాను. పది రూపాయల చుట్ట, రెండేళ్లుగా అదే వాడుతున్నాను.